మ్యాప్ మీది చుక్క ఎంత పాతది?

రొయ్యల లోడు ఎత్తిన బండి విడవలూరులో కదిలిందంటే ఓనరు ఫోను ఇక ఆగదు. "యాడుండావు బ్బా?" "కావలి దాటినా." దాటి ఎంతసేపైందో, ఎంత దూరం పోయాడో ఆ మాటలో ఉండదు. ట్రాకర్ బిగించి మ్యాప్ తెరిచినా పరిస్థితి పెద్దగా మారదు. చుక్క చూపించేది బండి ఇప్పుడున్న చోటు కాదు, చివరి కబురు పంపినప్పుడు ఉన్న చోటు. గంటకు 60 కిలోమీటర్లంటే సెకనుకు దాదాపు 17 మీటర్లు. కబురు వచ్చి 30 సెకన్లయితే బండి అరకిలోమీటరు ముందుకు పోయినట్టే. అందుకే ఆ రీడింగ్ ఎప్పటిదో, అందులో తేడా ఎన్ని మీటర్ల దాకా ఉండొచ్చో చెప్పని ట్రాకింగ్ తెరను నేను నమ్మను.

కొత్తగా సిస్టమ్ కట్టేవాళ్లు మొట్టమొదట అడిగేది "ఎన్ని సెకన్లకోసారి పంపాలి?" అని. అడగాల్సింది అది కాదు. నెల్లూరు నుంచి ఒంగోలుకు సుమారు 120 కిలోమీటర్లు, రెండు గంటల ప్రయాణం. పది సెకన్లకోసారి పంపితే 720 కబుర్లు. అందులో ఎక్కువ భాగం "ముందు చెప్పినట్టే పోతున్నా" అనేవే. వెయ్యి బండ్లుంటే సర్వర్‌కు సెకనుకు వంద రాతలు. ఇంత చేసినా ఒక్కో చుక్కలో 170 మీటర్ల దాకా తేడా ఉండనే ఉంటుంది.

దీనికి పాత మందు డెడ్ రెకనింగ్. పరికరం ఒకసారి మూడు సంగతులు చెబుతుంది: ఇక్కడున్నా, ఈ దిక్కుకు పోతున్నా, ఇంత వేగంతో పోతున్నా. ఆ తర్వాత సర్వర్ లెక్క వేసుకుంటూ చుక్కను తానే జరుపుతుంది. పరికరం కూడా లోపల అదే లెక్క వేస్తుంది కాబట్టి, సర్వర్ తనను ఎక్కడ ఉందనుకుంటోందో దానికి తెలుసు. అసలు చోటుకూ ఆ లెక్కకూ తేడా, మనం పెట్టిన హద్దు దాటినప్పుడే నోరు విప్పుతుంది. హద్దు 200 మీటర్లనుకోండి. డ్రైవరు 60 నుంచి 72కు పెంచాడు. తేడా గంటకు 12 కిలోమీటర్లు, అంటే సెకనుకు 3.3 మీటర్లు. 200 మీటర్లు తేడా రావడానికి నిమిషం పడుతుంది. టోల్‌గేట్ దగ్గర ఆగిపోతే మాత్రం 12 సెకన్లలోనే కబురు వస్తుంది. మార్పు ఎంత పెద్దదైతే కబురు అంత త్వరగా వస్తుందన్నమాట. సెకన్ల లెక్కతో పంపే పద్ధతిలో ఈ గుణం లేదు.

ఇందులో ఒక మెలిక ఉంది. నేరుగా గీత గీసి లెక్క వేస్తే రోడ్డు వంకర తిరిగిన ప్రతిచోటా తేడా పెరిగి అనవసరపు కబుర్లు వస్తాయి. పోయే దారి ముందే తెలిస్తే, ఉదాహరణకు 16వ నంబరు జాతీయ రహదారే అయితే, ఆ రోడ్డు గీత వెంబడి దూరాన్ని లెక్కించాలి. అప్పుడు వంకరలు లెక్కలోకి రావు, వేగం మార్పు ఒక్కటే మిగులుతుంది. దారి పరికరంలోనూ సర్వర్‌లోనూ ఒకటే కూర్పు ఉండాలి. ఒకచోట మ్యాప్ మార్చి రెండోచోట మరిచిపోతే రెండు లెక్కలూ విడిపోతాయి, ఆ సంగతి ఎవరికీ తెలియదు.

అంతకంటే పెద్ద చిక్కు మౌనం. కబురు రాలేదంటే బండి సవ్యంగా పోతోందా, లేక పరికరం చచ్చిందా? చాలామంది ఐదు నిమిషాలకోసారి "బతికే ఉన్నా" అనే కబురు పెట్టి సరిపెడతారు. నాకు నచ్చేది ఇంకొకటి: కాలం గడిచేకొద్దీ హద్దును తగ్గించుకుంటూ రావడం. 500 మీటర్లతో మొదలుపెట్టి నిమిషానికి 50 చొప్పున తగ్గిస్తే, పదో నిమిషానికి ఏ కొంచెం తేడా ఉన్నా కబురు రావాల్సిందే. రాకపోతే లింకు తెగినట్టే లెక్క.

హద్దు ఎంత ఉండాలనేది తెర చూసేవాడి అవసరాన్ని బట్టి. ప్రాసెసింగ్ ప్లాంటులో పది నిమిషాల ముందు తెలిస్తే మనుషుల్ని సిద్ధం చేసుకుంటారంటే, హైవే మీద కిలోమీటరు తేడా కూడా ఏమీ కాదు, ఒక్క నిమిషమేగా. గేటుకు ఐదు కిలోమీటర్ల దూరంలోకి వచ్చాక 100 మీటర్లకు బిగించండి. బండి వచ్చిందో పోయిందో తెలియడానికి మ్యాప్ మీద గేటు చుట్టూ గీసే వలయం దగ్గర ఇంకో జాగ్రత్త: లోపలికి వచ్చినట్టు 100 మీటర్ల దగ్గర, బయటికి పోయినట్టు 150 దగ్గర లెక్కించాలి, అదీ వరసగా రెండు రీడింగులు అదే చెబితేనే. రెండింటికీ ఒకే గీత పెడితే గేటు ముందు నిలబడ్డ బండి రాత్రంతా "వచ్చింది, పోయింది" అని మెసేజీలు కొడుతూనే ఉంటుంది.

సెల్ నెట్‌వర్క్ ఆడే బేరం కూడా ఇదే. ఖాళీగా ఉన్న ఫోను టవరు మారిన ప్రతిసారీ చెప్పదు. టవర్ల గుంపు మారితేనే చెబుతుంది, దానితోపాటు ఒక టైమరు నిండినప్పుడు. కాల్ వస్తే గుంపులోని టవర్లన్నీ కేకేస్తాయి. గుంపు పెద్దదైతే చెప్పడం తగ్గుతుంది, కేకలు పెరుగుతాయి.

ఇక జీపీఎస్ మాడ్యూల్ నుంచి వచ్చే వరస దగ్గర జరిగే పొరపాటు. దీన్ని దగ్గరగా చూడాలి. మాడ్యూల్ చోటు, వేగం, సమయం కలిపి పంపే ఒక వరసను ఆర్‌ఎంసీ వాక్యం అంటారు. అందులో కావలి ఇలా వస్తుంది: 1454.98, 07959.67. దీన్ని 14.5498, 79.5967 డిగ్రీలని చదివారో, కావలిలో ఉన్న బండి మ్యాప్ మీద ఆత్మకూరు దగ్గర తేలుతుంది. చుక్కకు ముందున్న రెండు అంకెల నుంచి చివరిదాకా ఉన్నది డిగ్రీల భిన్నం కాదు, నిమిషాలు, అంటే డిగ్రీలో అరవయ్యో వంతులు. 60తో భాగించాలి: 54.98ని 60తో భాగిస్తే 0.9163, కాబట్టి 14.9163. అలాగే 79.9945. మన ప్రాంతంలో ఈ తప్పు మరీ వింతగా బయటపడుతుంది. 80వ రేఖాంశం మన హైవేను కోస్తుంది. కావలి నుంచి సింగరాయకొండ వైపు పోయే బండి 79 డిగ్రీల 59.9 నిమిషాల నుంచి 80 డిగ్రీల 0.1 నిమిషానికి వచ్చిన క్షణంలో, తప్పుడు లెక్కలో అది 79.599 నుంచి 80.001కి ఎగురుతుంది. తెర మీద 43 కిలోమీటర్ల గంతు. అదే వాక్యంలో వేగం నాట్లలో (గంటకు ఇన్ని సముద్రపు మైళ్లని) ఉంటుంది, కిలోమీటర్లు కావాలంటే 1.852తో హెచ్చించాలి. స్థితి అక్షరం 'ఏ' అయితేనే తీసుకోండి, 'వీ' అయితే పారేయండి. సమయం యూటీసీ, అంటే ప్రపంచ ప్రామాణిక సమయం; మన సమయానికి ఐదున్నర గంటలు కలపాలి. కలపకపోతే రోజువారీ రిపోర్టు తెల్లవారి ఐదున్నరకు తేదీ మారుస్తుంది. చేపల, రొయ్యల బండ్లు తిరిగేదే ఆ వేళ.

నిలబడ్డ బండి కూడా జీపీఎస్ కంటికి నిలబడి ఉండదు, చుట్టూ గీతలు గీస్తుంది. పది సెకన్లకోసారి మూడు మీటర్ల చొప్పున కదిలినట్టు కనిపిస్తే రోజుకు 8,640 రీడింగులు, దాదాపు 26 కిలోమీటర్లు. షెడ్డులో ఉన్న లారీకి డీజిల్ లెక్క ఎక్కడ తప్పిందో ఇక వేరే చెప్పక్కర్లేదు. ఇగ్నిషన్ తీగ ఆఫ్‌లో ఉండి, వేగం మూడు కిలోమీటర్ల లోపుంటే పాత చోటునే పట్టుకుని ఉండాలి. ఆ తీగను చాలామంది మెకానిక్‌లు కలపకుండా వదిలేస్తారు. కలిపించండి.

చీమకుర్తి గ్రానైట్ క్వారీల్లో తేడా కారణం వేరు. లోతైన గుంతలో చుట్టూ రాతిగోడ, ఆకాశం నెత్తిమీద ముక్క మాత్రమే. కనిపించే ఉపగ్రహాలన్నీ ఒకే వైపు కూడి ఉంటాయి, కొన్ని సంకేతాలు గోడకు తగిలి ఆలస్యంగా వస్తాయి. చుక్క పదుల మీటర్లు పక్కకు జరుగుతుంది. ఉపగ్రహాలు ఆకాశంలో ఎంత బాగా పరుచుకుని ఉన్నాయో చెప్పే హెచ్‌డీఓపీ అంకె అక్కడ పెద్దదైతే రీడింగ్‌ను నమ్మకూడదు, తేడా వలయాన్ని పెద్దది చేసి చూపించాలి.

గిద్దలూరు నుంచి నంద్యాల వైపు నల్లమల దారిలో సిగ్నల్ దొరకని ముక్కలున్నాయి. పరికరం రీడింగులు దాచుకుని, టవరు దొరకగానే గుట్టగా పంపుతుంది. సర్వర్ చేరిన సమయాన్ని కాక, రీడింగ్ తీసుకున్న సమయాన్నే చూడాలి. లేకపోతే నంద్యాల చేరిన బండి మళ్లీ అడవిలోకి వెనక్కి పోయినట్టు కనిపిస్తుంది. "చివరి చోటు" అనే గడిని కొత్త సమయం ఉన్న రీడింగ్ మాత్రమే మార్చాలి. పాతవి చరిత్ర పట్టికలోకి పోవాలి.

పరికరం కొనకుండా డ్రైవరు ఫోన్లో యాప్ వేస్తే చాలదా అంటే, చాలదు అనే చెబుతాను. ఆండ్రాయిడ్ 8 నుంచి వెనక నడిచే యాప్‌కు గంటకు కొన్నిసార్లే లొకేషన్ దొరుకుతుంది. నోటిఫికేషన్ చూపిస్తూ నడిచే ఫోర్‌గ్రౌండ్ సర్వీస్ కావాలి, బ్యాటరీ సెట్టింగుల్లో ఆ యాప్‌కు మినహాయింపూ ఇవ్వాలి. అయినా కొన్ని ఫోన్లు ఆ యాప్‌ను చంపేస్తాయి.

"నాకు దగ్గర్లో ఏ బండి ఉంది?" అనే ప్రశ్న ఇంకోటి. కోవూరు వైపు ఒడ్డున ఉన్న బండి నెల్లూరు వైపు ఒడ్డుకు గీత లెక్కలో దగ్గరే, కానీ పెన్న మీద వంతెన ఎక్కి రావాలి. వృత్తం గీసి బండ్లు ఏరుకున్నాక, ఆ కొద్ది బండ్లకు రోడ్డు దూరం వేరుగా కట్టుకోవాలి. తేడా హద్దు 200 మీటర్లయితే జవాబులు కూడా రెండు రకాలు: తప్పకుండా లోపలున్నవి, ఉండొచ్చు అనేవి. అంబులెన్స్ పంపేవాడికి ఈ రెండూ వేర్వేరుగా కనిపించాలి.

సముద్రం మీద లెక్క మారిపోతుంది. రోడ్డు మీద తెలియని చోటు ఒక గీతలో ముక్క, నీళ్ల మీద అది వృత్తం. జువ్వలదిన్నె నుంచి పోయిన బోటు ఎనిమిది నాట్ల వేగంతో ఉండి, ఒక గంట మౌనంగా ఉందంటే దాదాపు 15 కిలోమీటర్ల వ్యాసార్థం, 700 చదరపు కిలోమీటర్ల నీళ్లు. రెండో గంటకు అది నాలుగింతలు. తీరం వదిలి కొంత దూరం పోయాక సెల్ టవరు అందదు కాబట్టి ఉపగ్రహంతో మాట్లాడే ట్రాన్స్‌పాండర్ ఉండాలి, దాని కబురు చిన్నది, కరువైనది. అక్కడ మాత్రం హద్దు లెక్క పక్కనపెట్టి, గడియారం చూసి పంపడమే మేలు. తూర్పు తీరంలో ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా వేట నిషేధం. ఆ 61 రోజులూ బోట్లు కట్టేసి ఉంటాయి. యాంటెన్నా కేబుల్ కొసల్లో ఉప్పు పట్టిందేమో విప్పి చూసి, బ్యాకప్ బ్యాటరీ మార్చుకోవడానికి అదే అదను.