కేబిన్ కట్టిందెవర్రా?

సోదెర్‌తెల్యె అని ఊరి పేరు సరిగ్గా పలకడానికి నాకు ఆర్నెల్లు పట్టింది. స్వీడన్‌లో, స్టాక్‌హోంకి నైరుతి దిక్కున ఉంటుంది. స్కానియా లారీల సొంతూరు ఇదే. ఉద్యోగంలో చేరిన వారం, రోడ్డు పక్కన ఆగిన కొత్త బండిని వీడియో కాల్‌లో చూపిస్తే నాన్న అడిగిన మొదటి మాట: "కేబిన్ కట్టిందెవర్రా?"

అడగడా మరి! ఒట్టి చాసిస్ కొని, చెక్కపెట్టె మీద కూర్చుని, తలకి తువ్వాలు చుట్టుకుని, దుమ్ములో విజయవాడ ఆటోనగర్ దాకా తోలుకొచ్చి కేబిన్, బాడీ కట్టించుకున్న తరం ఆయనది. ఇక్కడ కేబిన్ ఓస్కర్స్‌హామ్న్ ఫ్యాక్టరీలో తయారై వస్తుందంటే, వడ్రంగికి పని లేదన్నమాట అన్నాడు.

మోడళ్ల అక్షరాలు ఆయనకి ఎక్కలేదు. ఎత్తుతో చెప్పాను. ఎల్ నేలకి దగ్గర, ఊళ్లో చెత్త ఎత్తే బండ్లలాంటి వాటికి. పి, జి, ఆర్ ఒకదాన్ని మించి ఒకటి. 2016లో వచ్చిన ఎస్ అన్నిటికన్నా పైన, లోపల నేలంతా చదును. "అంటే బానెట్ లేదా?" అని లేచి కూర్చున్నాడు. ఆయన బండిలో డ్రైవరు పక్కన ఇంజను మూపురంలా ఉండేది. దానిమీద గోనె పరుచుకుని, ఆ వేడికి పక్కలు మార్చుకుంటూ కూర్చునేవాడు క్లీనరు.

మోడల్ పేరులో అంకె హార్స్‌పవర్. 1969లో వచ్చిన వీళ్ల మొదటి వి8 ఇంజను, అంటే ఎనిమిది సిలిండర్లది, 350. 2020 నాటి 770 ఎస్‌లో ఆరో వంతు ఉంటే నాన్న బండికి అదే గొప్ప. నాకు మాత్రం అంతకన్నా నచ్చింది వేరే. 9 లీటర్ల అయిదు సిలిండర్ల ఇంజనుకీ, 13 లీటర్ల ఆరింటికీ, 16 లీటర్ల వి8కీ బోరు, అంటే సిలిండరు లోపలి వెడల్పు, ఒకటే, 130 మిల్లీమీటర్లు. ఒకే కొలత, లెక్క పెంచుకుంటూ పోవడమే. "ఇది ఆటోనగర్ బుర్రేరా" అన్నాడు నాన్న. దీనిది దానికి సరిపెట్టడం ఆయనకి తెలిసిన విద్యే.

మొన్న మళ్లీ ఫోను. ఎస్ కేబిన్లో పడక చూపించాను. కాసేపు చూసి, "క్లీనరెక్కడ పడుకుంటాడు?" అన్నాడు.

"క్లీనరుండడు నాన్నా. డ్రైవరొక్కడే."

"మరి రాత్రి రివర్సు తీసేటప్పుడు వెనక బాడీ తట్టి 'రైట్, రైట్' అనేదెవరు?"

కెమెరాలుంటాయని చెప్పాను. ఆయన మాట్లాడలేదు.