ఆ ప్రశ్న పైదాకా వెళ్లాలి

శనివారం, రాత్రి పదిన్నర

ఇవాళ ఆఫీసు ఒంటిపూటే. ఇంటికొచ్చి నిన్నటి పప్పుతో నాలుగు ముద్దలు తిని, మినిట్స్ పుస్తకం పట్టుకుని అంగన్‌వాడీ సెంటర్‌కి వెళ్లాను. రెండింటికి మా మహిళా ఆరోగ్య సమితి మీటింగ్. ఎజెండాలో దోమల మందు, మురికి కాలువ అని రాసుకున్నాను కానీ వాటి ఊసే రాలేదు. సాయంత్రం దాకా మాట్లాడిందంతా పిల్లలు కాకుండా వేసే ఇంజెక్షన్ గురించి, కాపర్-టీ గురించి, ఆపరేషన్ గురించి. మినిట్స్‌లో రాయడానికి వీల్లేని మాటలు చాలా ఉన్నాయి. అవి ఇక్కడైనా రాసుకోవాలి.

ముందు సమితి గురించి. 2013లో జాతీయ పట్టణ ఆరోగ్య మిషన్ మొదలైనప్పుడు బస్తీల్లో 50 నుంచి 100 ఇళ్లకు ఒకటి చొప్పున ఆడవాళ్లతో ఇలాంటి సమితులు పెట్టాలనుకున్నారు. ఒక్కో సమితికి ఏడాదికి 5,000 రూపాయలు. మా సమితి చాలాకాలం సంతకాలు పెట్టడానికే పనికొచ్చింది. ఆరోగ్య కేంద్రం ఎలా నడుస్తోందో అడిగే హక్కు మనకుందని ఈమధ్య చేరిన ఇద్దరు ముగ్గురు అమ్మాయిలు పట్టుబట్టాక తీరు మారింది. ఇవాళ ఆరోగ్య కేంద్రం సిస్టర్‌ని, ఆశా వర్కర్‌ని కూడా కూర్చోబెట్టింది వాళ్లే.

మాట మొదలుపెట్టింది నాలుగిళ్లలో పనిచేసే ఒక చెల్లెలు. "పోయినప్పుడల్లా స్టాక్ లేదు, వచ్చే వారం రా అంటున్నరు అక్కా. పోయిన రోజల్లా ఒక ఇంటి పని బంద్. ఆ మేడమ్ పైసలు కట్ చేస్తది. ఇప్పుడు కార్డు మీద రాసిన తారీఖు దాటిపోయింది. రేపు ఏమన్న అయితే ఎవరు జవాబు చెప్తరు?"

ఆమె అడుగుతున్నది అంతర ఇంజెక్షన్ గురించి. మూడు నెలలకోసారి వేయించుకోవాలి. 2017 నుంచి ప్రభుత్వ కేంద్రాల్లో ఉచితంగా ఇస్తున్నారు. బస్తీ ఆడవాళ్లు దీన్ని ఎందుకు ఇష్టపడతారో కాగితాల్లో కనిపించదు. అత్త, మరిది, పిల్లలు అందరూ ఒకే గదిలో పడుకునే ఇంట్లో మాత్రల అట్ట ఎక్కడ దాచుకుంటుంది? ఇంజెక్షన్ అయితే కార్డొక్కటి దాచుకుంటే చాలు. తన శరీరం గురించి ఎవరి అనుమతీ అడక్కుండా తీసుకున్న నిర్ణయం అది. స్టాక్ లేకపోతే ఆ నిర్ణయం తీసుకుని ఏం లాభం?

సిస్టర్ ఒక మంచి విషయం చెప్పారు. తారీఖు దాటినా నాలుగు వారాల లోపు ఇంజెక్షన్ వేయించుకోవచ్చట. ఈ లెక్కన ఆ చెల్లెలికి ఇంకా టైముంది. ఆ మాట విన్నాక ఆమె ముఖంలో టెన్షన్ కొంచెం తగ్గింది. కానీ వెంటనే అడిగింది, "ఈ ముచ్చట మొదలు పోయిననాడే ఎందుకు చెప్పలే?" అని. సిస్టర్ దగ్గర దానికి సమాధానం లేదు. నాకు ఆ ప్రశ్న చాలా నచ్చింది. మందు లేకపోవడం ఒక లోటైతే, ఉన్న సంగతి చెప్పకపోవడం ఇంకో లోటు. ఈ రెండోది తీర్చడానికి పైసా ఖర్చు లేదు.

ఇక్కడిదాకా బాగానే ఉంది. తర్వాత అందరూ కలిసి ఆశా వర్కర్ మీద పడ్డారు. ఫోన్ ఎత్తదని, ఇంటికి రాదని, తెలిసినవాళ్లకే ఇస్తుందని. ఆమె కాసేపు విని, కళ్లనీళ్లు పెట్టుకుంది. "నా ఇంట్ల దాచుకున్ననా అమ్మా? ఇక్కడ మీరు తిడతరు, అక్కడ సార్లు తిడతరు. నేను కూడ ఈ బస్తీదాన్నే కదా." పని లెక్కన ఇచ్చే పారితోషికం చాలక, నెలకు 18,000 రూపాయల స్థిర జీతం కావాలని ధర్నాలు చేస్తున్న ఆశాల్లో ఆమె కూడా ఉంది. ఆమెను నిలదీయడం ఎవరికైనా సులువే. రోజూ కంటికి కనిపించే మనిషి కాబట్టి, ఎదురు మాట్లాడే బలం లేని మనిషి కాబట్టి.

అప్పుడు సిస్టర్ రిజిస్టర్ తెరిచి చూపించారు. ఇండెంట్, అంటే సరుకు కావాలని రాసిన కాగితం, పెట్టిన తారీఖు ఉంది, మళ్లీ గుర్తుచేసిన తారీఖు ఉంది. కింద సంతకం ఉంది. సరుకు వచ్చినట్టు మాత్రం ఎక్కడా లేదు. "మేం పెట్టినం అమ్మా, పైనుంచి రాలేదు."

పైన అంటే ఎవరు? మెడికల్ ఆఫీసరా, జిల్లా స్టోరా, రాష్ట్ర స్టోరా, కొని పంపే కేంద్ర ప్రభుత్వమా? నాకు ఇవాళ బాగా పట్టుకున్న ఆలోచన ఇదే. ఏ ఆరోగ్య కేంద్రంలో ఎన్ని మాత్రలు, ఎన్ని ఇంజెక్షన్లు, ఎన్ని నిరోధ్‌లు ఉన్నాయో కంప్యూటర్లో చూసుకునే వ్యవస్థ దేశంలో 2017 నుంచే ఉంది. ఆఫీసులో కూర్చున్నవాళ్లకు అది కనిపిస్తుంది. పని మానుకుని, ఆటోకి డబ్బులు పెట్టి వచ్చే మనిషికి మాత్రం గుమ్మం దాకా వచ్చాక గానీ లేదని తెలియదు. అందుకే మొదటి తీర్మానం ఇలా రాశాం: ప్రతి సోమవారం ఆరోగ్య కేంద్రం గోడ మీద, బయటికి కనిపించేలా, ఏది ఎంత ఉందో రాయాలి. సిస్టర్ ఒప్పుకున్నారు. రాస్తే తన మీద కూడా తిట్లు తగ్గుతాయని ఆవిడకూ అర్థమైంది.

తర్వాత ఆరోగ్య కేంద్రం సేవలకు మార్కులు వేయడం పెట్టుకున్నాం. ఇది మేం కనిపెట్టింది కాదు. ఆఫ్రికాలోని మలావీలో కేర్ అనే స్వచ్ఛంద సంస్థ 2002లో ఇలాంటి స్కోర్‌కార్డు పద్ధతి తయారు చేసింది. సేవ పొందేవాళ్లు విడిగా మార్కులు వేస్తారు, సేవ చేసేవాళ్లు విడిగా వేసుకుంటారు. తర్వాత ఇద్దరూ ఎదురెదురుగా కూర్చుని, ఎవరు ఏ పని ఎప్పటిలోగా చేయాలో రాసుకుంటారు. కొన్ని నెలల తర్వాత మళ్లీ మార్కులు. మలావీలో ఇది నడిచిన చోట్ల ఆధునిక గర్భనిరోధక పద్ధతులు వాడేవాళ్లు ఎక్కువగా ఉన్నట్టు ఆ తర్వాత పరిశీలనలో తేలింది. కుటుంబ నియంత్రణ సేవల కోసమే ఇలాంటి ప్రయత్నాన్ని ప్రపంచ ఆరోగ్య సంస్థ ఘానాలో, టాంజానియాలో చేసి చూసింది.

మా దగ్గర చింతగింజలు పంచాం, ఒక్కో విషయానికి ఐదింటికి ఎన్ని అని. స్టాక్‌కి ఒక్కటే పడింది. ఆడవాళ్ల మధ్య పెద్ద వాదన జరిగింది "మాట్లాడే తీరు" దగ్గర. కొందరు నాలుగు వేశారు, సిస్టర్ మంచిదని. గాజుల పని చేసే ఒకామె మాత్రం ఒక్క గింజే పెట్టి చెయ్యి కట్టుకుని కూర్చుంది. పురిటి నొప్పుల్లో ఉన్నప్పుడు ఒక ఆసుపత్రిలో "ఇంకా ఎంతమందిని కంటావ్" అని అన్నారట. అది ఈ సిస్టర్ కాదు కదా అని పక్కామె నచ్చజెప్పబోయింది. "అందరూ సర్కారోళ్లే కదా" అంది గాజుల పని ఆమె. నేను ఆ ఒక్క గింజను అలాగే రాసుకున్నాను. సగటు తీసి మూడు అని రాస్తే ఆ మాట ఎక్కడికి పోతుంది?

"గోప్యత" దగ్గర ఆశ్చర్యం కలిగింది. ఆడవాళ్లు రెండు వేశారు, సిస్టర్ కూడా తమ కేంద్రానికి రెండే వేశారు. కాపర్-టీ వేసే గదికి కర్టెన్ లేదు, అడిగీ అడిగీ విసిగిపోయానన్నారు. సమితి డబ్బుతో కొందామా అని ఒకరు. అది ఆసుపత్రి పని, మన డబ్బు ఎందుకని ఇంకొకరు. నా అభిప్రాయం కూడా రెండోదే, ఇవాళ కర్టెన్ కొంటే రేపు గ్లవ్స్ కూడా మననే కొనమంటారు. కానీ ఒక పెద్దామె, "ఆడమనిషి బట్ట ఎత్తే కాడ హిసాబ్ చూస్తరా? ముందు కట్టుండ్రి, తర్వాత కొట్లాడుండ్రి" అంది. కర్టెన్ కొంటాం. బిల్లు కాపీ జతచేసి, డబ్బు తిరిగివ్వమని పైవాళ్లకు రాసే లెటర్‌లో అడుగుతాం.

ఈ పాటికి టీలు అయిపోయాయి, పిల్లలు లోపలికి బయటికి పరుగులు. అప్పుడు చెప్పింది ఒక అమ్మాయి, ఇరవై రెండేళ్లు ఉంటాయేమో. కాన్పై ఇంటికొచ్చి నెలలు గడిచాక, కడుపునొప్పి అని వెళ్తే అప్పుడు తెలిసిందట తనకు కాపర్-టీ వేసి ఉందని. వేసేటప్పుడు ఎవరూ అడగలేదు, వేశాక చెప్పలేదు. కాన్పు కాగానే వేసే కాపర్-టీ మంచి పద్ధతే, చాలామందికి బాగా పనికొస్తుంది. కానీ అడగకుండా వేస్తే దాన్ని సేవ అని ఎలా అంటాం? నాకు ఆ క్షణంలో చాలా కోపం వచ్చింది, ఇప్పుడు రాస్తున్నా వస్తోంది. మందు దొరక్కపోవడం, అడగకుండా వేయడం ఒకదానికొకటి వ్యతిరేకంలా కనిపిస్తాయి కానీ రెండు చోట్లా జరిగింది ఒకటే. ఆమెకు ఏం కావాలో ఎవరూ అడగలేదు.

దీని వెనక చాలా చరిత్ర ఉంది. 1952లోనే మన దేశం కుటుంబ నియంత్రణ కార్యక్రమం మొదలుపెట్టింది. ఎమర్జెన్సీలో, 1976లో, మగవాళ్లకు బలవంతంగా ఆపరేషన్లు చేశారు. ఆ తర్వాత మగవాళ్ల జోలికి వెళ్లడానికి జంకి, భారమంతా ఆడవాళ్ల మీద పెట్టారు. 2019-21 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వే చూస్తే దేశంలో ఆడవాళ్ల ఆపరేషన్ మీద ఆధారపడిన జంటలు 37.9 శాతం, మగవాళ్ల ఆపరేషన్ మీద 0.3 శాతం. నెలకు ఇన్ని కేసులు చేయాలనే టార్గెట్లు 1996లో ఎత్తేశామన్నారు. "నెలాఖరుకు కేసులు ఎన్ని అనే ఇప్పటికీ అడుగుతరు" అన్నారు సిస్టర్. అంటే సిస్టర్‌ని పైవాళ్లు అడిగేది కేసుల సంఖ్య. ఆ అమ్మాయి ఒప్పుకుందా లేదా అని అడిగేవాళ్లు లేరు. ఆ ప్రశ్న మేమే అడగాలి.

ఆపరేషన్ మాట రాగానే హైదరాబాద్ దగ్గరి ఇబ్రహీంపట్నం మాట వచ్చింది. 2022 ఆగస్టు 25న అక్కడ క్యాంపులో 34 మంది ఆడవాళ్లకు ఆపరేషన్లు చేశారు, వాళ్లలో నలుగురు ఇన్ఫెక్షన్ సోకి చనిపోయారు. మన ఊరికి ఎంతో దూరం లేదు. చిన్న చిన్న పిల్లల తల్లులు. ఇవాళ కూర్చున్నవాళ్లలో ఒకామె ఆ వార్త చూశాకే ఆపరేషన్ వద్దనుకుందట. భయపడొద్దని ఆమెకు ఎవరు చెప్పగలరు? భయం పోవాలంటే ఆమెకు అడగాల్సిన ప్రశ్నలు తెలియాలి. ఒక సర్జన్ రోజుకు 30కి మించి చేయకూడదని ప్రభుత్వ ప్రమాణాల్లోనే ఉంది. 2016 సెప్టెంబర్‌లో సుప్రీంకోర్టు, ఆపరేషన్ వివరాలు ఆమెకు అర్థమయ్యే భాషలో చెప్పాలని, మనసు మార్చుకోవడానికి దాదాపు గంట టైమ్ ఇవ్వాలని, మూడేళ్లలో క్యాంపులు పూర్తిగా మానేయాలని చెప్పింది. ఇబ్రహీంపట్నం క్యాంపు జరిగింది ఆ తర్వాత ఆరేళ్లకు.

భర్త సంతకం అవసరం లేదని కూడా చాలామందికి ఇవాళే తెలిసింది. ఆపరేషన్‌కి కావాల్సింది ఆమె సంతకమే. ఒకామె భర్త సంతకం లేదని రెండుసార్లు తిరిగొచ్చేసింది. ఆమె భర్త దుబాయ్‌లో ఉంటాడు.

ఈ మూడు విషయాలు, అంటే రోజుకు ఎన్ని ఆపరేషన్లు, గంట టైమ్, ఎవరి సంతకం అన్నవి, తెలుగులో, ఉర్దూలో పెద్ద అక్షరాలతో రాయించి కేంద్రంలో అతికించాలని రెండో తీర్మానం. ఉర్దూ రాసిపెట్టే పని గాజుల పని ఆమె కూతురు తీసుకుంది, ఇంటర్ చదువుతోంది. మగవాళ్లను కూడా ఒకసారి పిలవాలని సిస్టర్ అన్నారు, కోత పెద్దగా లేని మగవాళ్ల ఆపరేషన్ గురించి చెప్పడానికి. వస్తారా అని చాలామందికి అనుమానం. ఆదివారం పెడితే కొందరైనా వస్తారని నా నమ్మకం.

లెటర్ ఇప్పుడే రాయడం పూర్తిచేశాను. ఆశా వర్కర్ మీద ఫిర్యాదు అందులో ఒక్క లైన్ కూడా లేదు. ఇండెంట్ తారీఖులు వేశాను, రిజిస్టర్ పేజీ ఫొటో జతచేశాను. ఇంజెక్షన్ ఎప్పటిలోగా వస్తుంది, రాకపోతే బాధ్యులు ఏ ఆఫీసు వాళ్లు, పేరుతో సహా రాతపూర్వకంగా చెప్పమని అడిగాను. కాపర్-టీ సంగతి, ఆ అమ్మాయి ఒప్పుకుంటేనే, ఆమె పేరు లేకుండా వేరే లెటర్‌గా ఇస్తాం. ఆలోచించుకుని చెప్తానంది.

లెటర్ ఇవ్వడానికి సోమవారం పొద్దున్న ముగ్గురం వెళ్తున్నాం, నాతో పాటు పెద్దామె, ఆశా వర్కర్. ఆఫీసుకు గంట పర్మిషన్ అడిగాను. కాపీ మీద లెటర్ అందినట్టు ఇన్‌వర్డ్ నంబర్, సంతకం వేయించుకున్నాకే అక్కణ్నుంచి కదలాలి. జిరాక్స్ సెంటర్ రేపు మూసి ఉంటుందేమో, పొద్దున్నే వెళ్లి చూడాలి.