మాట పడ్డ రోజున వాఙ్మయ తపస్సు

అనుద్వేగకరం వాక్యం సత్యం ప్రియహితం చ యత్ ।
స్వాధ్యాయాభ్యసనం చైవ వాఙ్మయం తప ఉచ్యతే ॥

భగవద్గీత 17వ అధ్యాయంలో 15వ శ్లోకం ఇది. వినేవారిని కలవరపెట్టనిది, నిజమైనది, ఇంపైనది, మేలు చేసేది అయిన మాట, దానికి తోడు విడవకుండా చేసే స్వాధ్యాయం, అంటే శాస్త్రగ్రంథాల చదువు. ఈ రెండూ కలిస్తే వాక్కుతో చేసే తపస్సు అన్నాడు కృష్ణుడు.

తపస్సు అనగానే అడవీ, ఒంటికాలూ, చుట్టూ అగ్నులూ గుర్తొస్తాయి. ఈ తపస్సుకి మాత్రం ఎదురుగా ఇంకో మనిషి ఉండి తీరాలి. గుహలో ఒక్కడే కూర్చున్నవాడి మాట ఎవర్ని కలవరపెట్టిందో ఎలా తేలుతుంది? పదిమంది ముందు పనిలో తప్పు పట్టినవారు, మన పనిని తమదిగా చెప్పుకున్నవారు, గొంతు పెంచకుండా మాట్లాడలేనివారు ఉన్న చోటే దీనికి సరైన రంగస్థలం.

శంకరుల భాష్యం ఈ శ్లోకంలో చాలామంది దాటిపోయే ఒక చిన్న అక్షరం దగ్గర ఆగుతుంది. అది 'చ'. నాలుగు గుణాలనూ ఒకే ముడిగా కట్టడానికి వచ్చిన చకారమది అంటారాయన. నాలుగింటిలో ఒకటి లోపించినా, రెండు లోపించినా, మూడు లోపించినా అది వాఙ్మయ తపస్సు కాదని ఒక్కొక్క గుణాన్నీ పట్టుకొని మరీ చెబుతారు. అంటే 'ఉన్న మాటే అన్నాను' అన్న సమర్థన ఇక్కడ చెల్లదు. ఉన్న మాటే కావచ్చు, కానీ నాలుగింటిలో ఒకటే ఉంది.

ఆయన ఇచ్చిన ఉదాహరణ చాలా మామూలుగా ఉంటుంది: "నాయనా, శాంతంగా ఉండు. స్వాధ్యాయమూ యోగమూ అనుష్ఠించు. నీకు శ్రేయస్సు కలుగుతుంది." ఆలోచిస్తే ఇదీ విమర్శే. శాంతంగా ఉన్నవాడికి శాంతంగా ఉండమని ఎవరూ చెప్పరు కదా. కానీ ఇందులో పిలుపు ఉంది, చేయవలసిన పని ఉంది, దానివల్ల వచ్చే ఫలితం ఉంది. 'నీకు కుదురే లేదు' అన్న తీర్పు లేదు.

ఉద్యోగంలో ఇది ఎక్కడ బెడిసికొడుతుందంటే, ఈ నాలుగు జల్లెడలనూ మనం తిరగేసి పట్టుకుంటాం. మన నోటి మాటకి సత్యం ఒక్కటి చాలంటాం. అవతలివారి మాటకి మాత్రం నాలుగూ పెడతాం. 'ఆ చెప్పే పద్ధతేమిటి?' అని ఇంపు దగ్గరే ఆగిపోయి, అందులో ఉన్న నిజాన్ని కూడా తీసి అవతల పారేస్తాం. సాధన మొదలయ్యేది దీన్ని సరిచేసుకోవడంతోనే. మనం అనే మాటకి నాలుగు జల్లెడలు, మనం వినే మాటకి రెండే. ఇందులో సత్యమెంత, హితమెంత? మిగిలిన రెండూ చెప్పినవారి తపస్సు లెక్కలోవి. వారు తప్పితే ఆ లోటు వారిది.

రామాయణం అరణ్యకాండలో రావణుడితో మారీచుడు ఇదే అంటాడు: "అప్రియస్య తు పథ్యస్య వక్తా శ్రోతా చ దుర్లభః." వినడానికి ఇంపుగా లేకపోయినా పథ్యమైన మాట చెప్పేవాడూ అరుదే, వినేవాడూ అరుదే. ఈ మారీచుడు సాధువేమీ కాదు. విశ్వామిత్రుడి యాగం చెడగొట్టబోయి, రాముడి అస్త్రం తగిలి సముద్రంలో పడ్డవాడు. అయినా ఆ రోజు చెప్పింది అక్షరాలా నిజం. చెప్పినవాడి చరిత్ర తవ్వుతూ కూర్చుంటే మాటలోని పథ్యం చేజారుతుంది. (మంచి చెప్పిన మారీచుడు కూడా చివరికి రావణుడి బెదిరింపుకి లొంగి మాయలేడి అయ్యాడు. ఆ సంగతి వేరు.)

అయితే జల్లెడ పట్టాలంటే చేయి వణక్కూడదు. అందుకు గీత ఐదో అధ్యాయంలోని 23వ శ్లోకం పనికొస్తుంది: "శక్నోతీహైవ యః సోఢుం ప్రాక్ శరీరవిమోక్షణాత్, కామక్రోధోద్భవం వేగం." కోపమే రాకూడదని ఇక్కడ అనలేదు. దాని వేగాన్ని ఓర్చుకోగలవాడు యుక్తుడు (యోగి), సుఖి అన్నాడు. క్రోధవేగానికి శంకరులు చెప్పిన గుర్తులు చూడండి: ఒళ్ళు కంపించడం, చెమట పట్టడం, పెదవి కొరుక్కోవడం, కళ్ళు ఎర్రబడటం. అన్నీ శరీరంలోవే. కోపం ఆలోచనగా మనకు తెలిసేలోపే ఒంట్లో దిగిపోయి ఉంటుంది.

కాబట్టి ఎవరికి వారు తమ మొదటి గుర్తు ఏదో కనిపెట్టుకోవాలి. ఒకరికి చెవులు వేడెక్కుతాయి, ఇంకొకరికి గొంతు ఎండుతుంది, మరొకరికి బల్ల కింద కాలు ఊగడం మొదలవుతుంది. ఆ గుర్తుకీ, 'నేనలా అనలేదండీ' అని నోటి నుంచి దూసుకొచ్చే మాటకీ మధ్య ఉండేది రెండు మూడు క్షణాలే. ఆ కాస్త సందులో చేయవలసింది ఇది. రెండు పాదాలూ నేలకి ఆన్చాలి. బిగిసిన పిడికిలి ఉంటే వదలాలి. నాలుగు లెక్కపెడుతూ గాలి పీల్చి, ఆరు లెక్కపెడుతూ వదలాలి. ఇలా మూడుసార్లు. పక్కవారికి తెలియను కూడా తెలియదు. చాలామంది చేసే పొరపాటు ఊపిరి బిగబట్టడం. దానితో ఒళ్ళు ఇంకా బిగుస్తుంది, వదిలేసరికి మాట కూడా దానితో పాటు పేలుతుంది. 'శాంతించు, శాంతించు' అని మనసుకి ఆజ్ఞలివ్వడమూ పెద్దగా పని చేయదు. మనసు మాట వినదు, శ్వాస వింటుంది. అప్పటికి నోటికి అందుబాటులో ఒక చిన్న వాక్యం సిద్ధంగా ఉంచుకోవాలి: "అర్థమైందండీ, రాసుకుంటున్నాను."

అన్నాక నిజంగానే రాసుకోవాలి. కాగితం మధ్యలో నిలువుగా ఒక గీత గీసి, ఎడమ పక్క వారన్న మాటలు ఉన్నవి ఉన్నట్టు, కుడి పక్క అవి మనకి ఎలా తగిలాయో. ఉదాహరణకి ఎడమ పక్క: 'ఈ రిపోర్టులో లెక్కలు రెండు చోట్ల కలవలేదు, మీ పని ఎప్పుడూ ఇంతే.' కుడి పక్క: 'నేను పనికిరానని అందరి ముందూ తేల్చేశారు.' ఇప్పుడు సత్యమనే జల్లెడ ఎడమ పక్కకే పట్టాలి. 'రెండు చోట్ల కలవలేదు' అన్నది ఫైలు తెరిస్తే తేలిపోతుంది. 'ఎప్పుడూ ఇంతే' అన్నది తేలేది కాదు, దానికి జవాబు అక్కర్లేదు. కానీ జరిగేది సరిగ్గా దీనికి తలకిందులు. కలవని లెక్కలు అక్కడే ఉండగా, 'ఎప్పుడూ' అన్న ఒక్క పదం మీద అరగంట వాదన నడుస్తుంది. 'పోయిన నెల నేను ఎంత బాగా చేశానో మీకు గుర్తులేదా' అంటూ పాత ఫైళ్ళన్నీ బయటికి వస్తాయి. చివరికి ఆ రెండు తప్పులూ తప్పులుగానే పై అధికారి దగ్గరికి వెళతాయి.

విమర్శ మరీ గాల్లో ఉన్నప్పుడు, 'మీ పద్ధతి బాగాలేదు' లాంటిది వచ్చినప్పుడు, ఒక్క సందర్భం అడగాలి. "ఈమధ్య ఎక్కడ అలా అనిపించిందో ఒకటి చెప్పండి, సరిచేసుకుంటాను." ఒకటే. మూడు ఉదాహరణలు అడిగితే అది క్రాస్ ఎగ్జామినేషన్ అయి కూర్చుంటుంది.

ఇక జవాబు సంగతి. కిష్కింధాకాండలో హనుమంతుడి మాట విని రాముడు లక్ష్మణుడితో మెచ్చుకునే శ్లోకాలు ఇక్కడ గుర్తు చేసుకోదగ్గవి. సందర్భం తేలికైనదేమీ కాదు. ఆయుధాలతో వస్తున్న ఇద్దరు అపరిచితులను చూసి సుగ్రీవుడు హడలిపోతే, వాళ్ళెవరో కనుక్కోవడానికి వచ్చాడు హనుమంతుడు. ఒక్క మాట తేడా వస్తే బాణమే. అక్కడ ఆయన మాట "అవిస్తరమసందిగ్ధమవిలంబితమద్రుతమ్" అంటాడు రాముడు. సాగదీత లేదు, అయోమయం లేదు, నసుగుడు లేదు, తొందర లేదు. పైగా మధ్యమ స్వరంలో నడిచింది. ముఖంలో, కళ్ళలో, నుదుట, కనుబొమల్లో ఎక్కడా దోషం కనిపించలేదని కూడా అంటాడు. మాట మెత్తగా ఉండి కనుబొమ పైకి లేచిందంటే వినేవారు నమ్మేది కనుబొమనే.

రాతలో ఇదెలా ఉంటుందో ఒక మెయిల్ పట్టుకొని చూద్దాం. కోపంలో రాసింది: "నిన్న మీటింగులో మీరన్నది సరికాదు. డేటా లేటుగా ఇచ్చింది మీ టీమే. ముందు అది చూసుకోండి." మొదటి రెండు వాక్యాలూ నిజమే అనుకుందాం. సత్యం నెగ్గింది. 'మీ టీమే', 'ముందు అది చూసుకోండి' దగ్గర అనుద్వేగం ఓడింది. తర్వాత ఏం చేయాలో లేదు గనక హితమూ లేదు. ఇప్పుడు అదే నిజం ఇంకోలా: "నిన్న మీరు చూపించిన రెండు తప్పులూ సరిచేసి కొత్త ఫైలు జతచేశాను. డేటా మాకు గురువారం సాయంత్రం అందడంతో సరిచూసే సమయం దొరకలేదు. వచ్చే నెల బుధవారానికల్లా పంపగలరా?" ఆలస్యం జరిగిన సంగతి దాచలేదు. వారం పేరుతో సహా ఉంది. వేలు చూపించడం పోయింది, అడగవలసింది అడిగాం.

మెత్తటివారు ఇక్కడ ఇంకో రకంగా తప్పుతారు. గొడవెందుకని "పర్లేదండీ, తప్పంతా నాదే" అని రాసేస్తారు. ఇంపుగానే ఉంటుంది, ఎవరూ కలవరపడరు. కానీ అది నిజం కాదు. వచ్చే నెల కూడా డేటా గురువారమే వస్తుంది. కోపంతో రాసిన మెయిల్ కన్నా దీనికే ఎక్కువ భయపడాలని నా అభిప్రాయం, ఎందుకంటే ఇది పైకి సాధుత్వంలా కనిపిస్తుంది.

ఎవరికి పంపాలో ఆ చిరునామా గడి ఖాళీగా ఉంచి రాయడం, ఒక రాత్రి ఆగడం, ఉదయం పైకి చదువుకోవడం. ఇంతే ప్రక్రియ. చదివేటప్పుడు మొదటి వాక్యాన్నీ చివరి వాక్యాన్నీ అనుమానంగా చూడండి. కోపం దాక్కునేది ఎక్కువగా ఆ రెండు చోట్లే.

మరి మాట్లాడకుండా ఊరుకుంటే తపస్సు అయిపోదా? చాలామంది అలాగే అనుకుంటారు. కానీ గీత మౌనాన్ని వాఙ్మయ తపస్సులో చేర్చనే లేదు. తర్వాతి శ్లోకంలో, 'మనఃప్రసాదః సౌమ్యత్వం మౌనమాత్మవినిగ్రహః' అంటూ మనసుతో చేసే తపస్సులో చేర్చింది. మనసు అణిగితేనే వాక్కు అణగడం మౌనమవుతుందని శంకరుల వివరణ. నోరు కుట్టేసుకొని లోపల అదే దృశ్యాన్ని రాత్రంతా తిప్పి తిప్పి వేసుకోవడం మౌనం లెక్కలోకి రాదు. విషయాలను తలచుకుంటూ కూర్చుంటే వాటికి అతుక్కుపోతామనే రెండో అధ్యాయంలోని 'ధ్యాయతో విషయాన్' శ్లోకం ఇష్టమైనవాటి గురించి చెప్పిందనుకుంటాం గానీ, అవమానాన్ని కూడా మనిషి అంతే శ్రద్ధగా ధ్యానిస్తాడు.

మళ్ళీ 17వ అధ్యాయానికి వస్తే, అక్కడి 18, 19 శ్లోకాలను ఓర్పున్న ఉద్యోగులు అద్దంలా చూసుకోవాలి. సత్కారం, గౌరవం, పూజ కోసం డాంబికంగా చేసే తపస్సు రాజసం, అది నిలకడలేనిది అంటుంది 18వది. 'ఎంత అన్నా చిరునవ్వు చెదరదు' అని నలుగురూ అనుకోవాలని ఓర్చుకోవడం ఈ కోవలోదే. మెచ్చుకునేవారు లేని రోజున అది చెదురుతుంది. మొండిపట్టుతో తనను తాను హింసించుకుంటూనో, ఇంకొకరిని నాశనం చేయడానికో చేసేది తామసం అంటుంది 19వది. ఇవాళ నవ్వి ఊరుకుని, 'టైమ్ వస్తుంది, అప్పుడు చూపిస్తా' అని లోపల చిట్టా రాసుకునే ఓర్పు అదే.

ఓర్పుకి హద్దు కూడా మన గ్రంథాలే గీశాయి. మహాభారతం అరణ్యపర్వంలో ద్రౌపది యుధిష్ఠిరుడికి ప్రహ్లాదుడు బలికి చెప్పిన మాట గుర్తు చేస్తుంది: "న శ్రేయః సతతం తేజో న నిత్యం శ్రేయసీ క్షమా." ఎల్లవేళలా తేజస్సూ (కాఠిన్యమూ) మేలు కాదు, ఎల్లవేళలా క్షమా మేలు కాదు. ఎప్పుడూ క్షమించేవాణ్ణి చివరికి సేవకులు కూడా లెక్కచేయరని ప్రహ్లాదుడు వివరిస్తాడు. పనిలో తప్పు చూపడం విమర్శ. పుట్టుకనో, ఒంటినో, ఇంటివారినో అనడం, బెదిరించడం, రోజూ ఒకరినే పట్టుకుని పదిమందిలో చులకన చేయడం విమర్శ కాదు. దానికి జల్లెడలు అక్కర్లేదు, రికార్డు కావాలి. తేదీ, సమయం, అన్న మాటలు యథాతథంగా, అక్కడ ఎవరెవరున్నారు అన్నది ఆ రోజే రాసి పెట్టుకొని, అధికారం ఉన్నవారికి రాతపూర్వకంగా ఇవ్వాలి. ఆ ఫిర్యాదులో విశేషణాలు వద్దు. నాలుగు గుణాలూ అక్కడా పనికొస్తాయి. విశేషణం లేని ఫిర్యాదును తోసిపుచ్చడం కష్టం.

ఇక మిగిలింది 'స్వాధ్యాయాభ్యసనం'. మంచి మాట గురించి చెబుతున్న శ్లోకంలో ఈ చదువు ఎందుకు వచ్చిందని అనిపించవచ్చు. వేడి పుట్టిన క్షణంలో నోటికి వచ్చేది అలవాటైన మాటే కాబట్టి. అందుకే అభ్యసనం అన్నాడు, ఒకసారి చదివి వదిలేయడం కాదు. శ్లోకం మొత్తం 32 అక్షరాలు. కష్టమైన మీటింగుకి వెళ్ళే ముందు ఒక్కసారి నెమ్మదిగా పైకి చదవడానికి పట్టే సమయం లెక్కలోది కాదు. నాలుగు గుణాలనూ ఒకేసారి పట్టుకుంటే ఏదీ చేతికి చిక్కదు, వారానికి ఒకటి చాలు. శ్లోకం మొదలుపెట్టిన చోటే, అనుద్వేగకరంతోనే మొదలుపెట్టవచ్చు. రాత్రి పడుకునే ముందు ఆ రోజు పంపిన మెసేజ్‌లలో మూడు తెరిచి, అవి మనకే వచ్చినట్టుగా చదవాలి. ఏ పదం దగ్గర లోపల కలుక్కుమంటుందో ఆ పదం ఒక్కటి రాసిపెట్టుకోవాలి. వారం తిరిగేసరికి ఆ చీటీలో తిట్లేమీ కనిపించవు. ఎక్కువగా 'ఇంకా' అనో, 'మళ్ళీ' అనో ఉంటాయి: 'ఇంకా రాలేదు', 'మళ్ళీ చెబుతున్నాను'.