సెప్టెంబరు 19 నాటి రసీదు

2013లో మేరీలాండ్‌లో మా గ్యాస్ స్టేషన్ కోసమని పిస్టల్‌కి డబ్బు కట్టి దరఖాస్తు పెట్టాను. వారంలో వస్తుందనుకుంటే, స్టేట్ పోలీసుల దగ్గర దరఖాస్తులు గుట్టపడి అక్టోబరు 1 దాటిపోయింది. ఆ రోజు నుంచి హ్యాండ్‌గన్ కొనాలన్నా, చేతికి తీసుకోవాలన్నా కొత్త లైసెన్సు కావాలట. వేలిముద్రలు, 4 గంటల శిక్షణ, 50 డాలర్లు. మరి ముందే కట్టినవాడి గతేంటి? షాపతను మొదట "నీకక్కర్లేదు" అన్నాడు, వారం తిరిగాక "కనుక్కుని చెప్తా" అని నసిగాడు. రసీదు మీద తేదీ మాత్రం సెప్టెంబరు 19. మా ఆవిడ దాన్ని ఫ్రిజ్‌కి అంటించి, "మామయ్యగారు పాసుపుస్తకం దాచినట్టు దాచుకోండి" అని నవ్వింది. చివరికి ఆ పాత తేదీయే గట్టెక్కించింది. పిస్టల్ చేతికొచ్చేసరికి బయట మంచు పడుతోంది.