రెండుసార్లు మార్చిన ఆయిల్ సీలు

పత్తి సాళ్ళలో కలుపు తీయడానికి మాకు ఒక పవర్ వీడర్ ఉంది. ఆగస్టులో వానలు నాలుగు రోజులు తెరిపి ఇచ్చాయి కదా అని పొలంలో దింపితే బెల్టు జారడం మొదలుపెట్టింది. ఇంజను గట్టిగానే అరుస్తోంది, బ్లేడ్లు మాత్రం మట్టిలో దిగగానే ఆగిపోతున్నాయి. బెల్టు వదులైందనుకుని బిగించాను. అరగంటకి మళ్ళీ అదే వరస, పైగా కాలిన రబ్బరు వాసన. అప్పుడు గార్డు విప్పి చూస్తే పుల్లీ వెనకంతా నల్లటి ఆయిల్, దాని మీద మట్టి, అంతా కలిసి బంకలా తయారైంది. డిప్‌స్టిక్ తీస్తే ఆయిల్ దాని కొసకి కూడా అంటలేదు. అసలు ఇంజను పట్టేయకుండా బతికిపోవడమే ఎక్కువ.

ఈ బాపతు చిన్న ఇంజన్లు చాలావరకు హోండా జిఎక్స్160 నమూనా మీదే వస్తాయి. 163 సిసి, పట్టే ఆయిల్ 600 మిల్లీలీటర్లే. అందుకే కాస్త కారినా ఇంజనుకి ముప్పే. పుల్లీ వెనక ఆయిల్ ఉందంటే అక్కడి ఆయిల్ సీలు పోయినట్టే, అంటే షాఫ్టు బయటికొచ్చే చోట ఆయిల్ కారకుండా ఆపే రబ్బరు రింగు. ఒక మంచి సంగతి ఏంటంటే, పుల్లీ వైపు సీలు మార్చడానికి ఇంజను విప్పక్కర్లేదు, బయటినుంచే అయిపోతుంది.

సీలు తీయడం కన్నా పుల్లీ ఊడదీయడానికే ఎక్కువ టైం పట్టింది. మధ్య బోల్టు తీసినా కదల్లేదు. సుత్తితో నాలుగు దెబ్బలు వేద్దామా అని చెయ్యి దురద పెట్టింది కానీ, ఆ దెబ్బ నేరుగా క్రాంకుకీ (పుల్లీని తిప్పే షాఫ్టు అదే) లోపలి బేరింగుకీ తగులుతుంది. వెనక రాడ్డు పెట్టి ఎత్తితే అల్యూమినియం కవరు పగులుతుంది. కాబట్టి కిరసనాయిలు పోసి రాత్రంతా వదిలేసి, పొద్దున రెండు కాళ్ళ పుల్లర్ అడిగి తెచ్చుకుని లాగితే వచ్చింది. అప్పుడే షాఫ్టు పట్టుకుని పైకీ కిందికీ ఊపి చూశాను. అది ఊగితే బేరింగు పోయినట్టే, కొత్త సీలు వేసినా నిలవదు. మాది ఊగలేదు.

సీలు తీసేటప్పుడు మొదట స్క్రూడ్రైవర్ దూర్చాను, అది తప్పు. సీలు కూర్చునే గూడు మీద గీత పడిందంటే కొత్త సీలు ఎంత బాగున్నా దాని పక్కనుంచి ఆయిల్ వస్తుంది. గీత పడకముందే ఆపేశాను, నా అదృష్టం. సీలు రబ్బరు కింద ఇనప రింగు ఉంటుంది. దానికి ఎదురెదురుగా రెండు సన్నటి రంధ్రాలు వేసి, చెరొక స్క్రూ బిగించి, కటింగ్ ప్లేయర్‌తో కాసేపు ఇటూ కాసేపు అటూ లాగితే ఊడి వచ్చింది. డ్రిల్లు బిట్టుకి గ్రీజు పూస్తే ఇనప రజను దానికే అంటుకుంటుంది. రింగు తెగగానే చెయ్యి ఆపాలి, వెనకే బేరింగు ఉంది.

పాత సీలు మీద 25-41.25-6 అని ఉంది. షాఫ్టు 25, బయట 41.25, మందం 6. బేరింగుల కొట్టాయన 25-42-6 చేతిలో పెట్టి, "ముప్పావు మిల్లీమీటరుకి ఏమవుతుందండీ, కొడితే కూర్చుంటుంది" అన్నాడు. కూర్చోదు. సరిగ్గా ఆ సైజే వెతికించి రెండు తెచ్చాను.

షాఫ్టు మీద తుప్పుంటే సన్నటి ఎమరీ కాగితంతో చుట్టూ తిప్పుతూ రుద్దాలి. పొడవునా గీస్తే ఆ గీత వెంటే ఆయిల్ వస్తుంది. పుల్లీ జారకుండా పట్టే కీ కూర్చోడానికి షాఫ్టులో ఉన్న గాడి అంచు బ్లేడులా ఉంటుంది కాబట్టి దాని మీద పాల ప్యాకెట్ కవరు చుట్టి, షాఫ్టుని ఆనుకునే సీలు పెదవికి గ్రీజు రాసి, స్ప్రింగు కనిపించే వైపు లోపలికి పెట్టి జరిపాను. పొలంలో మిగిలిన 40 మి.మీ. పీవీసీ పైపు ముక్కని తిన్నగా కోసి, దాన్ని సీలు మీద ఆనించి, చెక్కతో మెల్లగా కొడితే అంచుకి సమానంగా దిగింది. ఎంత సంబరపడ్డానో!

ఐదో రోజుకి మళ్ళీ కారింది.

సీలుని తిట్టాను, కొట్టువాణ్ణి తిట్టాను. మా బాబాయి వచ్చి చూసి, "ఏరా, సీలు పోయిందని సీలు వేశావు సరే, అది ఎందుకు పోయిందో చూశావా?" అన్నాడు. వంగి చూస్తే సీలు చిరగలేదు, గూట్లోంచి రెండు మిల్లీమీటర్లు బయటికి తోసుకొచ్చింది. నేను పీకేసిన పాతది కూడా కాస్త బయటికే ఉంది, మట్టిలో నేను పట్టించుకోలేదు. అంటే లోపలినుంచి ఏదో నెడుతోంది.

పిస్టన్ కిందికి దిగినప్పుడల్లా దాని కింద గాలి నొక్కుకుంటుంది. రింగుల సందుల్లోంచి దిగే పొగ దానికి తోడు. అదంతా పోవడానికి హెడ్డు కవర్లో బ్రీదర్ ఉంటుంది, అక్కణ్ణించి ఒక రబ్బరు ట్యూబు ఎయిర్ ఫిల్టర్ దగ్గరికి పోతుంది. మా ట్యూబు కార్బురేటర్ వెనక మడతపడి, నలిగి, అతుక్కుపోయి ఉంది. జూలైలో ఫిల్టర్ కడిగి బిగించింది ఎవరు? నేనే. హెడ్డు కవరు విప్పితే లోపల తెల్లటి పెరుగులాంటి మడ్డి, ఆయిల్లో నీటి చెమ్మ కలిసి అలా అయింది. ఇంజను ఆపగానే డిప్‌స్టిక్ విప్పితే "పుస్" మని గాలి రావడం కూడా అప్పుడు గుర్తొచ్చింది. ఏదో వేడికనుకున్నాను.

కవరు పెట్రోలుతో కడిగి, ట్యూబు కొత్తది వేసి, మిగిలిన రెండో సీలు బిగించాను. ఈసారి గంట కూడా పట్టలేదు, పుల్లీకి గ్రీజు రాసి పెట్టాను కదా. ఆ తర్వాత ఆరెకరాలు రెండు సార్లు తిరిగింది, పుల్లీ వెనక వేలు పెట్టి చూస్తే పొడి మట్టే అంటుకుంటోంది. బెల్టు మాత్రం ఆయిల్ తాగి ఉబ్బిపోయింది, ఎంత తుడిచినా జారుతోంది. దాని ధర అడిగితే నేను కొన్న రెండు సీళ్ళకీ కలిపి పెట్టిన దానికి మూడింతలు చెప్పాడు.