ధర్మం పద్దు

నెల్లూరు ట్రంకు రోడ్డు చుట్టుపక్కల అంగళ్లకు లెక్కలు రాయడం నా పని. మతాలన్నీ ఒకటేనని మైకుల్లో చెప్పేవాళ్లు బోలెడుమంది. నాకది పద్దుల్లో కనిపిస్తుంది.

రంజాన్ వస్తే బట్టలంగడి భాయ్ జకాత్ (ముస్లింలు తప్పనిసరిగా ఇవ్వాల్సిన దానం) లెక్క తీయమంటాడు. నగదు, బంగారం, అమ్మకానికున్న సరుకు అన్నీ కలిపి, కట్టాల్సిన అప్పులు తీసేసి, మిగిలింది నిసాబ్ అనే కనీస హద్దు దాటితే రెండున్నర శాతం. లక్షకు 2,500. ఉంటున్న ఇల్లు, కుట్టుమిషన్లు లెక్కలోకి రావు. "అమ్ముడుపోని పాత చీరలు కూడానా సార్?" అని ప్రతి ఏడూ బేరమే. కూడానే, ఈరోజు ధరకు!

మందులషాపాయన క్రైస్తవుడు, ఆయనది దశమ భాగం, అంటే రాబడిలో పదోవంతు. యూదుల నుంచి వచ్చిన ఆనవాయితీ. సిక్కుల దస్వంధ్ కూడా పదోవంతే. ఇన్‌కంటాక్స్ కట్టకముందా, కట్టాకా అన్నది ఈయన టెన్షన్. పాస్టరుగారిని అడగమన్నాను.

బియ్యంకొట్టు శెట్టిగారికి శాతాలేం లేవు. ధర్మం ఖాతాలో అన్నదానానికి బస్తాలు రాయిస్తారు, పేరు మాత్రం వద్దంటారు. గుప్తదానమట. కుడిచెయ్యి ఇచ్చింది ఎడమచేతికి తెలియకూడదని యేసు చెప్పాడు, ముహమ్మద్ ప్రవక్త మాటలున్న హదీసులోనూ ఆ మాటే ఉంది. బాగానే ఉంది గానీ, విరాళం డబ్బుగా ఇచ్చినా పేరు, పాన్ లాంటి గుర్తింపు నంబరు లేకపోతే ఇన్‌కంటాక్స్‌లో మినహాయింపు రాదే!