ఒక అంకె వెంట పడిన రోజు

ఈ రోజు ల్యాబ్‌కు వెళ్లనే లేదు. పొద్దున్నుంచి సాయంత్రం దాకా సైన్స్ లైబ్రరీలోనే ఉన్నాను. ఏం చేశావని గైడ్ అడిగితే చూపించడానికి ఒకే ఒక్క అంకె ఉంది. అది కూడా ఎవరో ఎప్పుడో కొలిచింది.

సంగతేంటంటే, నేను పనిచేస్తున్న లవణం నీటిలో ఎంత కరుగుతుందో రెండు హ్యాండ్‌బుక్కులు రెండు రకాలుగా చెబుతున్నాయి. తేడా కాస్తే అయితే పోనీలే అనుకునేదాన్ని. పావు వంతుకు పైనే ఉంది. నా కొలత మొదటి పుస్తకానికి దగ్గరగా వస్తోంది, కొత్త పేపర్లన్నీ మాత్రం రెండో పుస్తకం విలువనే వాడేస్తున్నాయి. థీసిస్‌లో ఏదో ఒకటి రాసేసినా వైవాలో, అంటే థీసిస్ మీద జరిగే మౌఖిక పరీక్షలో, ఎవరూ పట్టించుకోరు. అయినా ఆ పట్టిక తెరిచినప్పుడల్లా టెన్షనే.

రిఫరెన్స్ డెస్క్‌లో ఉండే మేడమ్‌కి ఇదంతా చెప్పాను. "పేరు ఒక్కోలా కొడితే ఒక్కో లిస్టు వస్తోంది మేడమ్" అన్నాను.

"పేరుతో వెతికితే అంతేనమ్మా. నంబరు కొట్టు" అన్నారు.

ఒకే పదార్థానికి పాత పేరు, వాడుక పేరు, వ్యాపారపు పేరు, నియమాల ప్రకారం పెట్టిన పేరు ఉంటాయి. 1930లో రాసినాయన ఏ పేరు వాడాడో మనకేం తెలుస్తుంది? ఈ గొడవ లేకుండా, రసాయన శాస్త్ర పేపర్లకు సూచీ తయారుచేసే కెమికల్ అబ్‌స్ట్రాక్ట్స్ సర్వీస్ వాళ్లు 1965 నుంచి ఒక్కో పదార్థానికి ఒక్కో రిజిస్ట్రీ నంబరు ఇస్తున్నారు. నీటిది 7732-18-5. చివరి అంకె తప్పులు పట్టుకోవడానికి పెట్టింది. మిగతా అంకెల్ని కుడి నుంచి వరసగా 1, 2, 3తో గుణిస్తూ పోయి కూడితే, మొత్తంలో చివర వచ్చే అంకె అదే కావాలి. డేటాబేస్ తెరుచుకునేలోగా నీటి నంబరుకి చిత్తుకాగితం మీద వేసి చూశాను. 105 వచ్చింది, చివర 5. ఎందుకో భలే సంతోషం వేసింది.

నంబరుతో వెతికాక లిస్టు పొట్టిదైంది, పనికొచ్చేదీ అయింది. తర్వాత మేడమ్ పక్కన కూర్చుని వెనక్కీ ముందుకీ ఎలా నడవాలో చూపించారు. పేపరు చివర ఉండే రిఫరెన్సులు పట్టుకుంటే వెనక్కి వెళ్తాం, అది అందరికీ తెలిసిందే. ఆ పేపరును తర్వాత ఎవరెవరు ఉదహరించారో చూస్తూ ముందుకు రావాలంటే సైటేషన్ ఇండెక్స్ కావాలి. యూజీన్ గార్‌ఫీల్డ్ 1964లో దాన్ని అచ్చు పుస్తకాలుగా మొదలుపెట్టాడు. ఇప్పుడు ఒక్క క్లిక్కు. కొత్త పేపర్లన్నిట్నీ అలా వెనక్కి లాగితే అన్నీ ఆ రెండో హ్యాండ్‌బుక్కు దగ్గరే ఆగాయి. అంటే వాళ్లలో ఎవరూ కొలవలేదు, అందరూ ఎత్తి రాసుకున్నారు.

హ్యాండ్‌బుక్కు చూపించిన పాత పేపరు మా లైబ్రరీలో లేదు. వేరే లైబ్రరీ నుంచి తెప్పించే ఇంటర్‌లైబ్రరీ లోన్‌లో పోయిన వారమే అడిగి పెట్టాను. భోజనం టైముకి స్కాన్ మెయిల్‌లో వచ్చింది. ఏదో ఊళ్లో ఎవరో ఆ వాల్యూము దించి, పేజీలు తిప్పి, స్కాన్ చేసి పంపారు. వాళ్లెవరో నాకు తెలీదు, నేనెవరో వాళ్లకు తెలీదు. తీరా చూస్తే అందులోనూ కొలత లేదు! అంతకు ముందు ఒక జర్మన్ జర్నల్లో వచ్చిన విలువ తీసుకున్నామని ఫుట్‌నోట్.

ఆ జర్మన్ జర్నల్ మాత్రం మా దగ్గరే ఉంది, బేస్‌మెంట్‌లో. అక్కడ చక్రం తిప్పితే పక్కకు జరిగే రాకులు. తిప్పే ముందు లోపల ఎవరైనా ఉన్నారేమో చూడమని బోర్డు ఉంటుంది. బైండు వాల్యూము దించేసరికి చేతులన్నీ తోలు పొడి. నాకు జర్మన్ రాదు, పట్టిక చదవడానికి అవసరమూ పడలేదు. అంకె అదే. కానీ పైన రాసింది వేరు: 100 గ్రాముల ద్రావణంలో అని. రెండో హ్యాండ్‌బుక్కులో 100 గ్రాముల నీటిలో అని ఉంది.

ఈ తేడా చిన్నదేం కాదు. మామూలు ఉప్పునే తీసుకుంటే 100 గ్రాముల నీటిలో దాదాపు 36 గ్రాములు కరుగుతుంది. అదే మాటను 100 గ్రాముల సంతృప్త ద్రావణంలో, అంటే ఇక కరగనంత ఉప్పు కలిసిన నీటిలో, ఎంత ఉందని చెబితే 26 చిల్లర. రెండూ నిజమే, పట్టిక పైన రాసే శీర్షిక మారితే ఒకటి అబద్ధం. నా లవణం విషయంలోనూ లెక్క మార్చి చూస్తే పాత జర్మన్ కొలత, మొదటి హ్యాండ్‌బుక్కు, నా కొలత మూడూ ఒకచోటికి వచ్చేశాయి.

ఆ బేస్‌మెంట్ ఖాళీ చేసి కూర్చునే చోటు చేయాలని ఒక ఆలోచన నడుస్తోందట. అన్నీ ఆన్‌లైన్లో ఉన్నాయిగా అంటారు. చోటు కావాలన్న మాట నిజమే, పరీక్షలప్పుడు కుర్చీ దొరకదు. కానీ ఆన్‌లైన్ జర్నళ్లు చాలావరకు అద్దె ఇంటి లెక్క. ఒప్పందంలో శాశ్వత హక్కు రాయించుకోకపోతే, చందా ఆపిన రోజున డబ్బు కట్టిన సంవత్సరాల సంచికలు కూడా చేతికి అందకపోవచ్చు. అందుకే లైబ్రరీలు కలిసి తలా ఒక డిజిటల్ కాపీ దాచుకునే లాక్స్ లాంటి పద్ధతులు వచ్చాయి. అచ్చు వాల్యూములు తీసేయాల్సి వస్తే ముందు ఇంకెక్కడ ఉన్నాయో చూసి తీయాలని నా ఉద్దేశం. స్కాన్ పంపిన ఆ లైబ్రరీ తన పాత వాల్యూములు తీసేసి ఉంటే నా గొలుసు అక్కడే తెగేది.

పైకి వచ్చి మేడమ్‌కి చెబితే ఆవిడేం ఆశ్చర్యపోలేదు. "ఇలాంటివి దొరుకుతూనే ఉంటాయి. మరి నీ కొలతలు ఎక్కడ పెడుతున్నావు?" అని అడిగారు. పెన్‌డ్రైవ్‌లో అన్నాను. ఆవిడ నా వైపు చూసిన చూపు ఇక్కడ రాయను. పరిశోధన ఫైళ్లు దాచే యూనివర్సిటీ రిపాజిటరీలో పెడితే డీఓఐ, అంటే మారని గుర్తింపు నంబరు, ఇస్తారట, ఉష్ణోగ్రత, యూనిట్లు, పరికరం, లెక్క కట్టిన పద్ధతి అన్నీ రాసిన ఫైలు కూడా జత చేయాలట. రేపు పదింటికి దాని మీదే క్లాసు ఉంది, పేరు రాయించాను. ఈ రాత్రికి నా పట్టికలన్నిటికీ శీర్షికలు సరిగ్గా ఉన్నాయో లేదో చూడాలి.